బరువు దించుకున్న విమానం

హనీమూన్‌కి ఎక్కడికి వెళ్తున్నామన్నది నవనీతకు పెద్ద విషయం కాదు. ఎంతసేపు వెళ్తామన్నదే ముఖ్యం.

పెళ్లయి పన్నెండు రోజులైంది. ఈ పన్నెండు రోజుల్లో తిరుమలేశ్‌తో ఆమె ఒంటరిగా గడిపిన సమయమంతా పోగుచేస్తే ఓ కప్పు టీ చల్లారేంత కూడా కాదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఏసీ గదిలో అతని మేనత్త మోకాళ్ల నొప్పితో మకాం వేసింది. రెండో గదిలో పెళ్లికి వచ్చి, తిరుగు టికెట్ మాట ఎత్తితే నొచ్చుకునే బంధువులున్నారు. మేడ మీదికి వెళ్తే వడియాలకు కాపలా కాసే చిన్నత్త. మెట్ల మీద కూర్చుంటే, "ఏం బిడ్డా, గిట్ల కూసున్నవ్? మనసు బాగలేదా?" అంటూ పక్కన చతికిలబడే పెద్దమ్మ. కరెంటు పోయిన ఒక సాయంత్రం తిరుమలేశ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇన్వర్టర్ వెంటనే పనిచేసింది. ఆ ఇన్వర్టర్ కంపెనీ మీద నవనీతకు ఇప్పటికీ కోపమే.

అందుకే ట్రావెల్ ఏజెంటు రెండు రకాల టికెట్లు చూపిస్తే ఆమె రెండోసారి ఆలోచించలేదు. ఒకటి దుబాయిలో ఆగుతుంది, చవక. రెండోది అనంతయాన్ ఎయిర్‌వేస్ వాళ్లది. భూగోళానికి అవతలి వైపున్న మొరవేలా దీవికి పందొమ్మిది గంటలు, ఎక్కడా ఆగదు.

"పందొమ్మిది గంటలు కూర్చోవడం కష్టమండీ, కాళ్లు పట్టేస్తాయి" అన్నాడు ఏజెంటు.

"పక్కపక్క సీట్లేనా?" అని అడిగింది నవనీత.

"పక్కపక్కనే."

"ఫోన్లు పని చేయవు కదా?"

"చేయవండీ, అదో ఇబ్బంది."

నవనీత అప్పటికప్పుడు టికెట్లు తీసేసింది. మొరవేలాలో ఏముందో ఆమెకు తెలియదు. పెంగ్విన్లు ఉన్నాయని తిరుమలేశ్ ఎక్కడో చదివాడు. ఉంటే ఉండనీ.

* * *

బయల్దేరే రోజు ఉదయం ఎయిర్‌పోర్టుకు అత్త సుగుణమ్మ నాయకత్వంలో పదకొండు మంది సాగనంపడానికి వచ్చారు. కౌంటరులో సమీర అనే అమ్మాయి చాలా మర్యాదగా నవ్వి చెప్పింది: "మనిషికి ఏడు కిలోలే మేడమ్."

"టికెట్ మీద ఇరవై మూడని ఉందే!"

"నిన్నటి వరకు ఇరవై మూడే మేడమ్. ఇవాళ ఎదురుగాలి ఎక్కువగా ఉంది. ఎదురుగాలి ఉంటే ఇంధనం ఎక్కువ కావాలి. ఇంధనం ఎక్కువైతే విమానం బరువు పెరుగుతుంది. కాబట్టి మీ బరువు తగ్గాలి."

సుగుణమ్మకు గాలికీ తాను పెట్టెలో సర్దిన సకినాలకూ సంబంధం అర్థం కాలేదు. "గాలి అక్కడెక్కడో వస్తే మా పెట్టెలేం జేసినయ్ తల్లీ?" అంది. సమీర మళ్లీ అంతే మర్యాదగా నవ్వింది.

పెట్టెలు నేల మీద తెరుచుకున్నాయి. మన ఎయిర్‌పోర్టుల్లో ఈ దృశ్యం కొత్తదేమీ కాదు. ఒకాయన మోకాలితో సూట్‌కేసు నొక్కుతుంటాడు, ఒకావిడ అరిసెల పొట్లం ఎత్తి తూకం ఊహిస్తుంటుంది, చుట్టూ నిలబడ్డ వాళ్లంతా సలహాలిస్తుంటారు. సుగుణమ్మ మాత్రం సలహాలతో ఆగే మనిషి కాదు. కాసేపు కళ్లు చిట్లించి ఆలోచించింది.

"సంచిలున్నది తూస్తరు. ఒంటి మీద ఉన్నది ఎవడు తూస్తడు? తిరుమలేశూ, గా మూడు ప్యాంట్లు ఒకదాని మీద ఒకటి తొడుగు."

"అమ్మా, ఎండాకాలమే!"

"పైన చల్లగుంటదట తీ. నవనీతా, నువ్వు గిట్రా బిడ్డా. నీ చీరలన్నీ చుట్టుకుంటే అయిపాయె."

బాత్‌రూమ్‌లోకి ఒక నవనీత వెళ్లి, రెండున్నర నవనీతలు బయటికొచ్చారు. లోపలి నుంచి పైకి చుడీదారు, రెండు చీరలు, ఒక స్వెటరు, ఆ పైన తిరుమలేశ్ కోటు. కోటు జేబుల్లో సకినాలు. తిరుమలేశ్ అయితే నడిచినప్పుడల్లా మూడు ప్యాంట్లు ఒరుసుకుని చీపురు ఊడ్చినట్టు చప్పుడు చేస్తున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. పదకొండు మంది చూస్తుండగా నవ్విన ఆ నవ్వు కూడా నవనీతకు సంబరంగానే అనిపించింది. ఇంకాసేపట్లో ఈ పదకొండు మందీ ఉండరు కదా.

సంచులు ఏడు కిలోలు తూగాయి. సమీర బోర్డింగ్ పాసులివ్వబోతూ, ఫోన్ మోగడంతో ఆగిపోయింది.

విషయం ఏమిటంటే, సుగుణమ్మ బుర్రకు తట్టిన ఉపాయం అదే సమయంలో మిగతా రెండు వందల మంది ప్రయాణికుల బంధువుల బుర్రలకూ తట్టింది. హాల్లో ఎటు చూసినా గుండ్రటి మనుషులే. సంచులన్నీ చిక్కిపోయాయి, విమానం లెక్కలో మాత్రం వీసమెత్తు తేడా రాలేదు.

* * *

అప్పుడు లిఫ్టులోంచి పరబ్రహ్మం గారు దిగారు.

ఆయన అనంతయాన్ సంస్థలో ముఖ్య భారనియంత్రణాధికారి. మనిషి నిలువెత్తు గంభీరంగా ఉంటారు. వెనకాల ఇద్దరు మనుషులు సరుకు బస్తాలు తూచే పెద్ద తూకపు బల్లను తోసుకొస్తున్నారు. ఆయన మైకు పుచ్చుకున్నారు.

"గౌరవనీయులైన ప్రయాణికులారా! మన సంస్థ ప్రయాణికుల సౌకర్యార్థం ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నది. విమానం ఎగరడమన్నది ఈనాడు సమస్య కాదు. విమానాలు చాలాకాలంగా ఎగురుతూనే ఉన్నవి. సమస్య ప్రయాణికుల వద్ద ఉత్పన్నమవుతున్నది. కావున ఇకపై ప్రతి ప్రయాణికుడినీ అతని అంతర్గత, బహిర్గత సామగ్రితో సహా తూచడం జరుగుతుంది. తక్షణమే అమల్లోకి వస్తుంది."

"మనుషులను తూస్తరా?" అంది సుగుణమ్మ నివ్వెరపోయి. "గొర్లమా మేము?"

"కుటుంబ సగటు అరవై కిలోలు దాటరాదు" అని ఆయన ముగించారు.

సగటు అన్న మాట ఆయన నోట్లోంచి రావడం ఆలస్యం, హాల్లో కొత్త వ్యవహారం మొదలైంది. వీరభద్రయ్య అనే రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు ఒకాయన ఒంటరిగా ప్రయాణం చేస్తున్నాడు. గాలి గట్టిగా వీస్తే స్తంభం పట్టుకునే రకం. బట్టలతో సహా నలభై ఒక్క కిలోలు. అప్పటిదాకా ఆయన్ని పలకరించిన వాళ్లు లేరు. ఇప్పుడు ఒక్కసారిగా నలుగురు భారీ మనుషులు, "బాబాయ్, ఇక్కడున్నావా!" అంటూ ఆయన చుట్టూ మూగారు. "మీరెవరు నాయనా?" అంటుండగానే ఒకాయన కాఫీ తెచ్చాడు, ఇంకొకాయన ఆయన సంచి మోశాడు. ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి. పెళ్లాం పోయాక తనకు ఇంతమంది చుట్టాలున్నారని ఆయనకు తెలియదట.

పరబ్రహ్మం గారు వెంటనే సవరణ ప్రకటించారు. "ఒక సన్నని వ్యక్తి ఒక కుటుంబానికి మాత్రమే బంధువుగా పరిగణించబడును."

నవనీత, తిరుమలేశ్ బల్ల ఎక్కారు. స్వెటరు తీసి, చీర ఒకటి విప్పి, సకినాలన్నీ సుగుణమ్మ చేతిలో పోస్తే కానీ సగటు కుదరలేదు. సుగుణమ్మ ఆ సకినాలను కొంగులో మూటగట్టి, "నా కోడలు ఏం తిని బతకాలె ఆడ?" అని కన్నీళ్లు పెట్టుకుంది. పదకొండు మందీ చేతులూపారు. నవనీత కూడా ఊపింది, కొంచెం అవసరమైన దానికన్నా హుషారుగా.

ఇమ్మిగ్రేషన్‌లో స్టాంపు ఠపీమని పడింది. దేశం దాటారు. గేటు దగ్గర పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా ముక్కూమొహం తెలియని మనుషులే. నవనీతకు ఇంత హాయి ఎన్నడూ తెలియదు.

"అయితే చెప్పండి" అంది అతని వైపు తిరిగి. "కాలేజీలో మీరు ఎవరినైనా..."

"ప్రయాణికులకు విజ్ఞప్తి!" అంది మైకు.

* * *

ఎదురుగాలి ఇంకా పెరిగిందట. కాబట్టి విమానంలోంచి భోజనాలు దించేస్తున్నారు. దించిన భోజనాలను ప్రయాణికులు గేటు దగ్గరే తినేయవచ్చు, ఉచితం. దుప్పట్లు, దిండ్లు, పత్రికలు కూడా దిగాయి. ఇయర్‌ఫోన్లు దిగాయి. వాంతి సంచులు దిగాయి. అందరూ రెండేసి ట్రేలు లాగించారు. పందొమ్మిది గంటలకు సరిపడా తినాలి కదా.

తిన్నాక మళ్లీ తూచారు. మొత్తం బరువు ఏమాత్రం తగ్గలేదు.

పరబ్రహ్మం గారు దిగ్భ్రాంతి చెందారు. అక్కడికక్కడే తన అధ్యక్షతన ఒక విచారణ సంఘం వేశారు. సభ్యులు కూడా ఆయనే. కాఫీ తాగినంత సేపట్లో నివేదిక వచ్చింది.

"విచారణలో ఒక విప్లవాత్మక సత్యం వెలుగులోకి వచ్చినది. విమానంలో ఉన్న భోజనం, ప్రయాణికుడి ఉదరంలో ఉన్న భోజనం, రెండూ సమాన బరువు కలిగి ఉన్నవి. దీన్ని అంతర్జాతీయ సదస్సులో సమర్పిస్తున్నాం. ఈలోగా, మరొక ప్రగతిశీల విధానానికి శ్రీకారం చుడుతున్నాం. దాని పేరు ప్రాతినిధ్య ప్రయాణం."

ఒక్కొక్క కుటుంబం నుంచి ఒక్కరే వెళ్తారు. ఆ ఒక్కరు వెళ్తే కుటుంబమంతా వెళ్లినట్టే. ప్రజలంతా వెళ్లి అసెంబ్లీలో కూర్చోరు కదా, ఒకర్ని పంపుతారు కదా, ఇదీ అంతే అని ఆయన వివరించారు. వినడానికి సబబుగానే ఉంది. వీరభద్రయ్య మాస్టారి కొత్త కుటుంబం ఆయన్ని దించేయడానికి క్షణం ఆలోచించలేదు. ఆయన కాఫీ కప్పు పట్టుకుని మళ్లీ ఒంటరిగా మూలకు వెళ్లి కూర్చున్నాడు.

సమీర నవనీత దగ్గరికి వచ్చింది. "మీ ఇద్దరిలో ఎవరు మేడమ్?"

"ఏం ఎవరు?"

"హనీమూన్‌కి వెళ్లేది."

నవనీత ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. వెటకారం లేదు. మర్యాదే ఉంది. నవనీత లేచి తిన్నగా పరబ్రహ్మం గారి దగ్గరికి నడిచింది. రెండు చీరల్లో ఒకటి విప్పేసినా, కోటు వల్ల ఇంకా గుండ్రంగానే ఉంది.

"సార్, హనీమూన్‌కి ఒక్కరే ఎట్లా పోతారు?"

"మంచి ప్రశ్న. దీన్ని మేము ముందే ఊహించాం. ఒకరు వెళ్లి, చూసి, వచ్చి, రెండోవారికి సవివరంగా వర్ణించవచ్చు. ఫొటోలు ఉంటాయి. వీడియో సౌకర్యం కూడా ఉన్నది."

"సార్, అది..."

"దాంపత్యంలో నమ్మకం ముఖ్యమమ్మా" అన్నారాయన, సందర్భానికి తగిన గాంభీర్యంతో.

నవనీత వెనక్కొచ్చింది. తిరుమలేశ్ అప్పటికే ఏదో నిర్ణయించుకున్న వాడిలా బోర్డింగ్ పాసు ఆమె చేతికిచ్చాడు. "నువ్వు పో నీతా. కిటికీ సీటు నీదే. పెంగ్విన్లను చూసి రా. నేను ఇంట్ల చెప్పుకుంట."

పాపం, అతను త్యాగం చేశాననుకున్నాడు. నవనీతకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"నేను కిటికీ కోసం వచ్చిననుకున్నరా?"

"కాదు, పెంగ్విన్లు..."

"పెంగ్విన్లా! జూ పార్కుల నెమలిని జూసేందుకు గూడ నేను అంత దూరం పోను! ఈ పన్నెండు రోజులల్ల మీరు నాతోని మాట్లాడింది మొత్తం ఏందో తెలుసా? 'ఉప్పు అందుకో.' ఒకసారేమో 'అత్త మాత్ర యాడుంది?' అంతే! నేను పందొమ్మిది గంటలు కొనుక్కున్న. పక్కపక్కన కూసుండే పందొమ్మిది గంటలు. దీవి ఫ్రీగ వచ్చింది, అంతే!"

అది వాళ్ల మొదటి పోట్లాట. తిరుమలేశ్ మూడు ప్యాంట్లతో బిగుసుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లగా, "నేనూ గందుకే దుబాయి మీదికెళ్లి పోయే టికెట్ వద్దందామనుకున్న. నువ్వే ముందు చెప్పినవ్" అన్నాడు. నవనీత చెవులు ఎర్రబడ్డాయి. పోట్లాట అక్కడితో ముగిసింది. కానీ విమానం గొడవ ముగియలేదు.

* * *

నవనీత ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది. చదువు ఇప్పుడైనా పనికొస్తుందేమోనని మళ్లీ పరబ్రహ్మం గారి దగ్గరికి వెళ్లింది. ఈసారి మెల్లగా, పిల్లలకు చెప్పినట్టు మొదలుపెట్టింది.

"సార్, విమానంలో అన్నిటికంటే బరువైంది ఏది?"

"ఇంధనం. నిస్సందేహంగా."

"మనుషులూ పెట్టెలూ దాని ముందు ఎంత?"

"అత్యల్పం. ప్రయాణికుల వాటా చూస్తే మాకే జాలి వేస్తుంది."

"అంత ఇంధనం ఎందుకు సార్?"

"దూరం కోసం. సగం ఇంధనం దూరం కోసం. మిగతాది ఆ ఇంధనాన్ని మోసుకెళ్లడం కోసం."

"చూశారా! మరి మధ్యలో ఎక్కడైనా ఒకసారి దిగి నింపుకుంటే? అప్పుడు మేమంతా ఎక్కవచ్చు. అరిసెలు కూడా ఎక్కవచ్చు."

పరబ్రహ్మం గారి మొహం నల్లబడింది. "మధ్యలో ఆగడమా? అమ్మా, నాన్‌స్టాప్ అని విమానం మీద బంగారు రంగులో రాయించాం. ఆగితే మేము ఎవరం? బస్సా? సంస్థ గౌరవం ఏం కావాలి?"

"మరి మీరు ఇట్లా ఒక్కొక్కరినీ దించుకుంటూ పోతే చివరికి విమానంలో ఎవరు మిగులుతారు సార్?"

ఆమె ఉద్దేశం ఆయన సిగ్గుపడాలని. ఎదుటివాళ్ల వాదనను చివరిదాకా సాగదీసి చూపిస్తే వాళ్లు తగ్గుతారని యూనివర్సిటీలో చర్చా పోటీల్లో నేర్చుకుంది. ఆ పోటీల్లో ఎదుటి జట్టులో పరబ్రహ్మం గారి వంటి వారు లేరు.

ఆయన కళ్లు మెరిశాయి. జేబులోంచి క్యాలిక్యులేటర్ తీసి గబగబా నొక్కారు. ఒకసారి కాదు, మూడుసార్లు. చివరికి తల పైకెత్తి, చేతులు జోడించారు.

"అమ్మా, మీరు మా కళ్లు తెరిపించారు. ఎవరూ మిగలరు! ఎవరూ లేకపోతే ఎదురుగాలి ఎంతున్నా విమానం ఆగకుండా వెళ్తుంది. ఇంధనం కూడా మిగులుతుంది! ఇన్నాళ్లూ మేము బరువు తగ్గించడానికి ప్రయత్నించాం, తొలగించడం గురించి ఆలోచించలేదు."

"సార్, నేను ఆ అర్థంలో..."

"వినమ్రత వద్దమ్మా" అని ఆయన మైకు వైపు పరుగెత్తారు.

* * *

విమానం సరిగ్గా వేళకు బయల్దేరింది. అనంతయాన్ చరిత్రలో ఇదే మొదటిసారి. లోపల ఇద్దరు పైలట్లు తప్ప ఎవరూ లేరు. ఎయిర్‌హోస్టెస్‌లు కూడా బరువే కాబట్టి దించేశారు. అద్దాల గోడ వెనక నిలబడి రెండు వందల మంది ప్రయాణికులు తమ విమానం ఎంతో తేలిగ్గా, గాలిపటంలా లేవడం చూశారు. నిజంగా ముచ్చటగానే లేచింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

తర్వాత గొడవ మొదలైంది. డబ్బు వాపసు కావాలని ఒకరు, ఇంటికి పోతామని ఇంకొకరు.

"అది సాధ్యం కాదు" అన్నారు పరబ్రహ్మం గారు ఎంతో సహనంతో. "మీ పాస్‌పోర్టుల్లో దేశం దాటినట్టు స్టాంపు పడినది. విమానం బయల్దేరినది. రికార్డుల ప్రకారం మీరంతా ప్రయాణంలో ఉన్నారు. ప్రయాణం మధ్యలో దిగిపోతామంటే ఎలా? ప్రమాదం కదా? దయచేసి మీ మీ సీట్లలో కూర్చోండి."

గేటు దగ్గరి కుర్చీలకు నంబర్ల చీటీలు అంటించారు. ముప్పై నాలుగు ఏ, ముప్పై నాలుగు బి అద్దం పక్కన వచ్చాయి. ఎయిర్‌హోస్టెస్ ఒకామె నడవ మధ్యలో నిలబడి, అత్యవసర ద్వారాలు రెస్ట్‌రూముల పక్కన ఉన్నాయని రెండు చేతులతో చూపించింది. ఫోన్లు ఆపేయమన్నారు. ఆపనివాళ్ల దగ్గర సమీర నిలబడి మర్యాదగా నవ్వింది. అందరూ ఆపేశారు.

తిరుమలేశ్ కుర్చీలో కూలబడి, "మన హనీమూన్ ఖతం" అన్నాడు.

నవనీత చుట్టూ చూసింది. అటు అద్దం, ఇటు అతను. మేనత్త లేదు. చిన్నత్త లేదు. ఫోన్ లేదు. లేచి వెళ్లడానికి వీల్లేదు, ఎవరూ రావడానికి వీల్లేదు. ఎదురుగా పందొమ్మిది గంటలు, ఇంకా ఒక్క నిమిషం కూడా వాడనివి.

"తిరూ" అంది. ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఇంట్లో ఎవరైనా వింటే మూర్ఛపోయేవారు. "కాలేజీల ఎవరన్నా ఉండెనా చెప్పు."

ఉండేదట. కానీ ఉత్తరం రాసింది తన కోసం కాదు. స్నేహితుడి కోసం రాసిపెట్టాడు, ఆ అమ్మాయి ఇతని రాతను గుర్తుపట్టి ఇద్దరినీ తిట్టిందట. ఆ రోజు నుంచి తిరుమలేశ్ చేతిరాత మార్చేశాడట. నవనీత ఎంత నవ్విందంటే వెనక వరుసలో ఒకాయన, "అమ్మా, విమానంలో నిద్రపోయే వాళ్లుంటారు" అన్నాడు, తాను నేల మీదున్న సంగతి మరిచిపోయి.

అతనికి బెలూన్లు పగిలితే భయమని తెలిసింది. అన్నంలో కరివేపాకు ఏరి పళ్లెం అంచున వరసగా పేర్చుతాడని ఆమె ముందే గమనించింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. చిన్నప్పుడు తాతతో ఎవరెక్కువ పేరుస్తారన్న పందెం. ఆమె తనకు ఈల వేయడం వచ్చని చెప్పింది. అతను నమ్మలేదు. ఆమె కోటు కాలరులో మొహం దాచుకుని మెల్లగా వేసి చూపించింది. "కొద్దిసేపట్లో విమానం కుదుపులకు లోనుకావచ్చు, బెల్టులు పెట్టుకోగలరు" అని మైకు అన్నప్పుడు, బెల్టులు లేవు కాబట్టి అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి ఏ ఇన్వర్టరూ అడ్డు రాలేదు. కుదుపులు తగ్గాయని ప్రకటించాక కూడా వదల్లేదు.

లైట్లు తగ్గించారు. అతను ఆమె భుజం మీద నిద్రపోయాడు. గురక పెడతాడు. చిన్న గురకే, కుక్కర్ మూత సర్దుకున్నట్టుగా. ఆమెకు అది కూడా తెలిసింది.

* * *

తెల్లవారుజామున మైకులో సంగీతం వినిపించింది. "ప్రియమైన ప్రయాణికులారా, మొరవేలాకు స్వాగతం. బయటి ఉష్ణోగ్రత పదకొండు డిగ్రీలు."

బయట ముప్పై ఒకటుంది.

పరబ్రహ్మం గారు మెడలో పూలదండతో వచ్చారు. విలేకరులు వెనక పరుగెడుతున్నారు. "ఎదురుగాలిని జయించాం! విమానం గమ్యానికి ఆగకుండా, ముందుగా చేరినది. ఒక్క పెట్టె పోలేదు. విమానంలో ఒక్క ఫిర్యాదు రాలేదు. ఈ సేవను రేపటి నుంచి రోజుకు రెండుసార్లు నడుపుతున్నాం." వీరభద్రయ్య మాస్టారు నోట్‌బుక్కులో ఆయన బొమ్మ గీస్తున్నాడు. పోలిక బాగా కుదిరింది, ముఖ్యంగా దండ.

నవనీత ముందుకెళ్లింది. "సార్, మా తిరుగు టికెట్?"

"చెల్లుతుందమ్మా. పది రోజుల తర్వాత. అక్కడ ఎక్కాలి."

"మేము అక్కడ లేము కదా సార్?"

"రికార్డులో ఉన్నారు. అది చాలు. ఆ రోజు ఇదే గేటుకు రండి. మళ్లీ పందొమ్మిది గంటలు. కొంచెం ఓపిక పట్టాలి."

"పడతాం సార్" అంది నవనీత, మొహంలో సంతోషం కనిపించకుండా చాలా కష్టపడి. "మరి అప్పటిదాకా మేమెక్కడ ఉన్నట్టు?"

"మొరవేలాలో. ఇమ్మిగ్రేషన్ వారికి మిమ్మల్ని లోపలికి రానివ్వడానికి వీల్లేదు, ఎందుకంటే మీరింకా తిరిగి రాలేదు. కావున సిబ్బంది ద్వారం గుండా వెళ్లగలరు. అది ఎవరి రికార్డులోనూ లేదు."

సిబ్బంది ద్వారం బయట కూరగాయల ఆటోలు, టీ బండి. తిరుమలేశ్ రెండు ప్యాంట్లు విప్పి చంకలో పెట్టుకుని, దిగులుగా ఫోన్ తీశాడు. "ఇంటికి ఫోన్ జేసి ఆటో పంపమంట. అందరు లేచి ఉంటరు. మేనత్తకు టిఫిన్ టైమైతది."

నవనీత ఫోన్ మీద చెయ్యి పెట్టింది. "ఏ ఇంటికి? మనం మొరవేలాల ఉన్నం గదా."

అతను ఆమెను చూశాడు. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అతని మొహం ఎలా వెలిగిందో ఆమె మళ్లీ మళ్లీ చెప్పుకునేది.

పది రోజులు! ఎవరికీ తెలియని, ఎవరూ వెతకని పది రోజులు! రోడ్డెక్కి దారిన పోయే ఆటో పట్టుకుని, ఆ ఆటో దింపిన చోట వికారాబాద్ వెళ్లే ఎర్రబస్సు ఎక్కారు. అనంతగిరి కొండల్లో చిన్న గెస్ట్‌హౌస్ ఒకటుందని తిరుమలేశ్‌కు తెలుసు. పెంగ్విన్లు ఉండవు కానీ కోతులుంటాయి. కిటికీ పక్క సీటు దొరికింది. గాలికి నవనీత కొంగు ఎగిరి అతని మొహం మీద పడుతుంటే అతను తీయడం లేదు.

బస్సు బాగా ఊపందుకున్నాక ఫోన్ మోగింది. సుగుణమ్మ.

"చేరిన్రా బిడ్డా?" అని గట్టిగా అరిచింది, అంత దూరానికి వినపడాలి కదా.

"చేరినం అత్తమ్మా! మస్తు చల్లగుంది."

"స్వెటరేసుకొమ్మంటే గా తూకం కాడ ఇడిసిపెట్టి పోతివి. మనుషులు మంచోళ్లేనా ఆడ? మన మాట అర్థమైతుందా వాళ్లకు?"

నవనీత జవాబు చెప్పబోతుండగా కండక్టరు డోరు మీద దబదబ బాది, బస్సు అదిరిపోయేలా అరిచాడు: "చేవెళ్ల! చేవెళ్ల దిగేటోళ్లు ముందటికి రాండ్రి, జల్ది!"

తిరుమలేశ్ కళ్లు మూసుకున్నాడు.

"నవనీతా," అంది సుగుణమ్మ ఎంతో ఆశ్చర్యంగా, "గా దేశంల గూడ చేవెళ్ల ఉన్నదా?"

"ఉన్నదత్తమ్మా," అంది నవనీత భర్త భుజం మీద తల వాల్చి, "అచ్చం మన దాని లెక్కనే ఉన్నది."